చుక్క పెట్టిన పళ్ళెం

కోడలు వచ్చిన రెండేళ్ళలో చెన్నమ్మ అంట్ల ముందు కూర్చోగా ఎవరూ చూసింది లేదు. "ముప్పై ఏళ్ళు తోమాను, ఇంక నా వల్ల కాదు" అని రేవతి కాపురానికొచ్చిన వారానికే చేతులు దులుపుకున్న మనిషి. అలాంటిది ఆ ఉదయం రేవతి రోజూ కంటే ముందే పెరట్లోకి వచ్చేసరికి, అత్తగారు పంపు దగ్గర పీట వేసుకుని ఒకే ఒక్క పళ్ళెం తోముతోంది. పక్కన గిన్నెలో మరిగిన నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. మిగతా అంట్లన్నీ కోడలి కోసం అలాగే పడున్నాయి.

"ఇటియ్యండి అత్తయ్యా, నేను తోముతా."

"వద్దులే. అసలే వట్టి మనిషివి కాదు. ఒక్క పళ్ళేనికి నువ్వు వంగడమెందుకు?"

"మరి ఈ తట్టెడు అంట్లకి వంగొచ్చా?"

చెన్నమ్మ వినిపించుకోలేదు. పళ్ళెం మీద వేణ్ణీళ్ళు పోసి, ఎండలో గోడకి ఆనించింది. అది రేవతి పుట్టింటివాళ్ళు క్రోసూరు నుంచి సారెతో పంపిన ఆరు పళ్ళాల్లో ఒకటి. అన్నిటి అంచు మీదా రేవతి పేరు కొట్టించి ఉంది. ఈ ఒక్కదాని మీద మాత్రం పేరు కింద మేకుతో కొట్టిన చుక్క కనిపించింది.

"ఈ చుక్కేంది అత్తయ్యా?"

చెన్నమ్మ పళ్ళాన్ని అటు తిప్పి ఆనించింది. "మొక్కు. నీ కాన్పు అయ్యేదాకా వంశీ పళ్ళెం వేరే పెడతానని చెన్నకేశవస్వామికి మొక్కుకున్నా. అందులో ఇంకెవ్వరూ తినకూడదు. నువ్వసలు తినకూడదు."

ఆ ఇంట్లో మగవాడు తిని లేచిన పళ్ళెంలోనే భార్య అన్నం పెట్టుకుని తినాలి. చెన్నమ్మ తన భర్త పోయేదాకా అలాగే తిన్నది, కొత్త కోడలికి మొదటిరోజే ఆ పాఠం చెప్పింది. డిగ్రీ చదివిన రేవతి మొదట్లో ముక్కు విరిచినా, భర్త వంశీ ఆమెకిష్టమని గోంగూరలో ఉల్లిపాయ ముక్క మిగిల్చి లేవడం చూశాక ఆ పళ్ళెం మీద మనసు పడింది. ఇప్పుడు మూడు నెలలుగా అత్తగారే ఏదో ఒక సాకుతో వద్దంటోంది, ఇవాళ మొక్కంటోంది. ఆచారమంటే ప్రాణం పెట్టే మనిషి దాన్నే మానెయ్యమంటే నమ్మడమెలా?

పళ్ళెంతో ఆగినా బాగుండేది. వంశీ గ్లాసు వేరు, తువ్వాలు వేరు, సబ్బు వేరు. కడుపుతో ఉన్న పిల్లకి నిద్ర చెడుతుందని అతని మంచం వరండాలోకి మారింది. రోజూ అన్నం తిన్నాక, కాగితం చింపేసిన సీసాలోంచి ఒక మాత్ర వేసుకుంటున్నాడు. ఏంటని అడిగితే "బలానికి" అంటాడు, కళ్ళెత్తడు. ఇదంతా అతనికి వీపు మీద సర్పి లేచి, తల్లీకొడుకులు నరసరావుపేట వెళ్ళొచ్చిన రోజు నుంచే మొదలైంది.

రేవతిని అన్నిటికంటే భయపెట్టింది వేరొకటుంది. ఐదో నెల దాటుతున్నా తనని ఇంతవరకూ ఏ డాక్టరుకీ చూపించలేదు. ఊళ్ళో ఆశా కార్యకర్త వస్తే "పుట్టింటివాళ్ళు చూపిస్తున్నారు" అని గుమ్మంలోంచే పంపేసింది చెన్నమ్మ. నిన్న ఫోన్లో రేవతి తల్లి మాటల మధ్యలో అన్నది: "మీ అత్త గురజాలలో చూపిస్తున్నానందిగా, డాక్టరమ్మ ఏమన్నది?" ఇక్కడికో అబద్ధం, అక్కడికో అబద్ధం. రెంటి మధ్యా ఉన్నది తన కడుపే. ఆ మాట విన్నప్పటి నుంచి రేవతికి బిడ్డ కదిలినా గుండె ఝల్లుమంటోంది.

అంతలో వీధి వాకిట్లో కేక వినిపించింది. "చీరలమ్మా, చీరలు!"

నెలకోసారి వచ్చే నిర్మల. ఊరందరికీ ఆమె చీరల నిర్మలే. ఆ సంచిలో పైన నాలుగు వెంకటగిరి చీరలుంటే, అడుగున ఏముంటాయో తెలిసిన ఇళ్ళు ఊళ్ళో మూడే ఉన్నాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం తరఫున, వాళ్ళకి మందులు చేరవేస్తూ ఆమె తిరుగుతుంది. ఊరికే వస్తే ఆ ఇంటి మీద ఊరి కన్ను పడుతుందని, చీరలమ్మే వేషం ఆమే కనిపెట్టింది. నిజంగానే చీరలు అమ్ముతుంది కూడా, బేరంలో రూపాయి తగ్గదు.

ఆమె గొంతు వినగానే చెన్నమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ పరుగున వెళ్ళి, రెక్క పట్టుకుని గేదెల కొట్టం వైపు లాక్కుపోయింది.

"నెలకోసారి వస్తే చాలదా? పదిరోజులకే మళ్ళీ ఏంది?"

"వంశీ మందులు బాగానే వేసుకుంటున్నాడు పిన్నీ. నేనొచ్చింది రేవతి కోసం." నిర్మల గొంతు తగ్గించింది. "ఆ పిల్లకి పరీక్ష చేయించు. లేకపోతే దేవుడి దయ. ఉంటే ఈరోజే మందులు మొదలుపెట్టొచ్చు. అవి వాడితే బిడ్డకి రాకుండా చానావరకు కాపాడుకోవచ్చు. రోజులు పోయేకొద్దీ మన చేతిలోది జారిపోద్ది."

"పరీక్షంటే పేరు రాస్తారు. పేరు రాస్తే ఊరంతా పాకుద్ది. కోడలు పుట్టింటికి పోద్ది. నా కొడుకు బతుకేం కావాల?"

"పేరు ఎవరికీ చెప్పరు పిన్నీ. నేను చెప్పానా ఇంతవరకు? రేవతికి నా నోటితో చెప్పకూడదు, అది మా పనికున్న కట్టుబాటు. చెప్పాల్సింది వంశీ. వాడి నోరేమో నువ్వు ఒట్టేయించి కుట్టేశావు."

"నా తల మీద వేయించుకున్నా. నేను చచ్చాక చెప్పుకోమను!"

"అప్పటికి ఆ బిడ్డ ఉండొద్దా పిన్నీ?"

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చిన చెన్నమ్మని, ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

వంటింట్లో వంశీ అప్పుడే తిని లేచాడు. క్వారీలో టిప్పర్ నడపాలి, ఎనిమిదింటికల్లా అక్కడుండాలి. అతను చేతులు కడుక్కుని వరండాలో బూట్లు వేసుకుంటున్నాడు. కింద చుక్క పెట్టిన పళ్ళెం, అందులో కలిపి వదిలేసిన రెండు ముద్దల పప్పన్నం. అంచున ఉల్లిపాయ ముక్క. అలవాటు మానలేకపోయాడు పాపం.

రేవతి ఆ పళ్ళెం వైపు చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా చతికిలబడి, పళ్ళెం ఒళ్ళోకి లాక్కుని ముద్ద చేసింది.

"ఒసేయ్, ఆగు!"

చెన్నమ్మ గుమ్మంలోంచి ఒక్క గంతులో వచ్చి కోడలి చేతి మీద కొట్టింది. ముద్ద గోడకి తగిలి కింద పడింది.

"మొక్కు తప్పితే ఇంత భయమా అత్తయ్యా?" రేవతి పళ్ళెం వదల్లేదు. "ఇది మొక్కు కాదు. నా చుట్టూ ఏదో జరుగుతోంది. మీకు తెలుసు, ఆయనకి తెలుసు, మీరు కొట్టంలో గుసగుసలాడే చీరల నిర్మలక్కకి కూడా తెలుసు. నాకే తెలీదు. నన్ను వదిలించుకోవాలనుకుంటున్నారా? నా బిడ్డనేం చేద్దామని?"

వంశీ ఒక కాలికి బూటు, ఒక కాలికి లేకుండా వచ్చి నిలబడ్డాడు. వెనకే నిర్మల.

"ఏం లేదురా, నువ్వు పనికి పో" అంది చెన్నమ్మ.

"ఇంక చాలమ్మా."

"ఒరేయ్, నా తల మీద ఒట్టేశావు!"

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు." వంశీ రేవతికి ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. "రేవతీ, నాకు హెచ్‌ఐవీ ఉంది. పెళ్ళికి ముందు బోరు బండి మీద మూడేళ్ళు ఊళ్ళు తిరిగా. అప్పుడు తప్పు చేశా. తెలీదు నాకు, నా బిడ్డ మీద ప్రమాణం, పెళ్ళినాటికి తెలీదు. సర్పి లేచినప్పుడు పరీక్ష చేస్తే బయటపడింది. అప్పట్నుంచీ నీ దగ్గరికి రాలా. కానీ చెప్పలా. చెప్పలేకపోయా."

రేవతి మొగుడి వైపు చూడలేదు. పళ్ళెం అంచు మీది చుక్కను వేలితో తడిమింది.

నిర్మల వచ్చి పక్కన కూర్చుంది. అడగకుండానే పళ్ళెంలో మిగిలిన ముద్ద తీసుకుని తినేసింది.

"పదిహేడేళ్ళుగా నేనూ అవే మాత్రలు మింగుతున్నా రేవతీ. నా కూతురు నా కంచంలోనే తిని పెరిగింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. దానికి లేదు. కంచాల వల్ల, తువ్వాళ్ళ వల్ల ఇది రాదమ్మా. కడుపులో ఉన్నప్పుడే నేను మందులు మొదలుపెట్టా, అందుకే దానికి రాలేదు."

రేవతి తలెత్తి అత్తగారిని చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు, దాన్నే చెన్నమ్మ తట్టుకోలేకపోయింది.

"పళ్ళేనికి అంటుద్దని చుక్క పెట్టారు. మరి ఈ కడుపుకేం పెట్టారు అత్తయ్యా?"

చెన్నమ్మ లోపలికి వెళ్ళి బస్సు డబ్బులు తెచ్చి నిర్మల చేతిలో పెట్టింది.

ఆ పూటే నలుగురూ నరసరావుపేట బస్సెక్కారు. పెద్దాసుపత్రిలో రక్తం తీసుకున్నారు, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చూశారు. బల్ల మీద కూర్చున్న చెన్నమ్మ, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడింది. చివరికి రేవతి బయటికొచ్చింది. చేతిలో వంశీ దగ్గరున్నటువంటి సీసా. కాగితం చింపలేదు.

అడగాల్సిన పని లేకపోయింది.

"మూడో నెలలోనే వచ్చుంటే ఏమయ్యేదని అడిగాను" అంది రేవతి. "ఇంకా ధీమాగా ఉండేదన్నారు. చెయ్యి దాటలేదంట, కానీ ఆలస్యమైందంట." తర్వాత వంశీ వైపు తిరిగింది. "మా అమ్మకి నేనే చెప్తా. మీ ఇంట్లో ఉండాలో పోవాలో కూడా నేనే నిర్ణయించుకుంటా. ఇంతవరకు మీరు నిర్ణయించింది చాలు."

ఆ సాయంత్రమే క్రోసూరు వెళ్ళిపోయింది.

చెన్నమ్మ భయపడ్డదంతా జరిగింది, ఒక్క ఊరంతా పాకడం తప్ప. రేవతి తల్లి ఏడ్చింది, శాపనార్థాలు పెట్టింది, కానీ కూతుర్ని బయటికి పొమ్మనలేదు. వంశీ ఆదివారమాదివారం వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చునేవాడు. మొదటి రెండు వారాలు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. శనివారాలు రేవతి నిర్మల వాళ్ళ సంఘానికి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ తనలాంటివాళ్ళు, పిల్లల్ని ఎత్తుకుని, నవ్వుతూ, పోట్లాడుకుంటూ ఉండటం చూసింది.

ఇక్కడ చెన్నమ్మ ఒక్కతే వంట చేసి, ఒక్కతే అంట్లన్నీ తోమింది. ఒకరోజు ఆ పళ్ళెం చెంగులో చుట్టుకుని గురజాలలో గిన్నెల కొట్టు సత్తార్ దగ్గరికి వెళ్ళింది.

"ఈ చుక్క చెరిపెయ్యి నాయనా."

సత్తార్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "మేకు లోతుగా దిగింది పెద్దమ్మా. చెరపబోతే చిల్లు పడుద్ది. ఉండనీ, దీనికేమైంది? అన్నం తినడానికి అడ్డమా?"

బస్టాండులో ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చెన్నమ్మ ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలియదు.

ఏడో నెలలో రేవతి తనంతట తానే తిరిగొచ్చింది. "మీ కోసం రాలేదు" అని అత్తగారితో గుమ్మంలోనే చెప్పింది. "ఆయన నిజం చెప్పారు కాబట్టి వచ్చా." చెన్నమ్మ తలూపి పక్కకి తప్పుకుంది. అప్పటి నుంచి కోడలి మాత్ర వేళకి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, వేసుకునేదాకా నిలబడేది. ఇద్దరి మధ్యా అంతకంటే మాటలుండేవి కావు.

ఆడపిల్ల పుట్టింది. పుట్టిన గంటల్లోనే నోట్లో మందు చుక్కలు వేశారు. ఆరు వారాలు రోజూ వెయ్యాలన్నారు. ఆరో వారం మడమ దగ్గర గుచ్చి రక్తం తీసి పంపారు. ఫలితం వచ్చేదాకా చెన్నమ్మ ఫోను మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే ఇంకా కంగారుపడేది. చివరికి ఒకనాడు నిర్మల చీరలు అని కేకెయ్యకుండానే లోపలికొచ్చింది.

"ఇప్పటికి లేదు" అంది. "ఇంకా పరీక్షలున్నాయి. పద్దెనిమిదో నెలలో చూసేదాకా పూర్తిగా నిశ్చింత అనలేం. కానీ ఇప్పటికి లేదు."

రేవతి బిడ్డ తల మీద ముఖం ఆన్చుకుంది. వంశీ పెరట్లోకి వెళ్ళిపోయాడు. చెన్నమ్మ క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. ఆ వారం నుంచి వీధి కుళాయి దగ్గర కడుపుతో ఉన్న పిల్ల కనిపిస్తే చాలు, వెంటపడి మరీ చెప్పేది: "ఏమే, పోయి రక్తం ఇచ్చొచ్చావా? అత్త వద్దంటే నా దగ్గరికి పంపు, నేను మాట్లాడతా."

ఆరో నెలలో అన్నప్రాశన. పాయసం చల్లారింది. "వెండి గిన్నె తీసుకురానా?" అంది చెన్నమ్మ. రేవతి అప్పటికే ఒక పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. పేరు కింద చుక్క.

"ఇందులోనా?"

"ఇంట్లో మీరు రోజూ వేణ్ణీళ్ళతో తోమిన పళ్ళెం ఇదొక్కటేగా అత్తయ్యా." మాటలో చురక ఉంది, అయినా కోపం లేదు. "మీరే తినిపించండి."

చెన్నమ్మ వేలికొసతో పాయసం బిడ్డ పెదవులకి అందించింది. అది చప్పరించి, ముఖం చిట్లించి, మళ్ళీ నోరు తెరిచింది. అందరూ నవ్వారు. పళ్ళెంలో ఇంకా కొంచెం మిగిలింది.

"నేను తినొచ్చా అమ్మా?" చెన్నమ్మ అడిగింది. కోడలిని ఏదైనా అడిగి చెయ్యడం అదే మొదటిసారి.

రేవతి తలూపింది. చెన్నమ్మ రెండు వేళ్ళతో పాయసం తీసుకుని నోట్లో పెట్టుకుంది. కన్నీళ్ళు పళ్ళెంలో పడ్డాయి.

"ఆ చుక్క నా పళ్ళేనికి పెట్టాల్సింది, రేవతీ. దాచింది నేను. భయపడాల్సింది నన్ను చూసి."

రేవతి బిడ్డని వంశీకి అందించి, అత్తగారి పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"జరగండి" అంది, అదే పళ్ళెంలో చెయ్యి పెడుతూ. "నాకూ ఆకలేస్తోంది."