చెవి మిషన్ ఈల వేసిన రోజు

మా రాజ్యశ్రీని మొదటిసారి చూసిన రోజునే తేజ దాని చేత తిట్లు తిన్నాడు. అందులో ఒక్కటి కూడా నోటితో తిట్టింది కాదు.

కొంటా బస్టాండు వెనక మాకొక పిండిమర ఉంది. కూతురూ అల్లుడూ పొలం చూసుకుంటారు, మర నడిపేది నా మనవరాలు రాజ్యశ్రీ. రాజీ అంటాం. దానికి పుట్టుకతోనే వినపడదు. జగదల్‌పూర్‌లో చెవిటిపిల్లల బడిలో పన్నెండు పాసైంది. చెవికి మిషన్ ఉంది గానీ మరలో పెట్టుకోదు. ఆ హోరంతా మిషన్‌లోంచి వస్తే తల పగిలిపోతుందంటుంది. అయినా మర తిరుగుతున్నప్పుడు ఎవరికి మాత్రం ఏం వినపడుతుంది? వచ్చినవాళ్లంతా చేతులతోనే చెబుతారు. రెండు వేళ్లు రుద్దితే మెత్తగా అని, గుప్పిట విదిలిస్తే రవ్వగా అని. దోర్లీ మాట్లాడేవాళ్లు, గోండీ వాళ్లు, హిందీ వాళ్లు, తెలుగువాళ్లు, ఎవరొచ్చినా మా మరలో ఒకటే భాష.

తేజ బచేలి గనుల వైపు కుర్రాడు. మా ఊరి బిజ్లీ ఆఫీసుకు, అదే కరెంటాఫీసుకు, కొత్తగా వచ్చాడు. మీటరు చూడాలని గుమ్మంలో నిలబడి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. రాజీ వెనక్కి తిరగలేదు. పొగరనుకుని మెయిన్ స్విచ్ దించేశాడు. మిరపకాయలు సగంలో ఉండగా మర ఆగిపోయింది.

రాజీ తిరిగి చూసి రెండు చేతులతో తిట్లు అందుకుంది. కారం నిండిన ఆ చేతులు ముఖం ముందు ఆడుతుంటే అతను తుమ్ముకుంటూ, వెనక్కి నడుచుకుంటూ రోడ్డు మీద పడ్డాడు. నేను గుమ్మం పక్కన చింతపండు గింజ తీస్తూ అంతా చూశాను.

"ఏమంటున్నారు అమ్మమ్మగారూ ఈవిడ?" అని కళ్లు తుడుచుకుంటూ అడిగాడు.

"దానికి వినపడదు బిడ్డా. అది అన్నయన్నీ చెప్తే రేపటి నుంచి నువ్వు డ్యూటీకే పోవు" అన్నాను.

మర్నాడు కిలో గోధుమలతో వచ్చాడు. ఆ మర్నాడు ఇంకో కిలో. ఒంటిగా ఉండే కుర్రాడు ఆ పిండంతా ఏం చేసుకున్నాడో నాకైతే అంతుపట్టలేదు. శబరి ఏరు నిండి వానలు పట్టేసరికి ఇద్దరూ చూరు కింద నిలబడి చేతులతో కబుర్లాడుకోవడం మొదలైంది. అతను సైగ తప్పు చేస్తే రాజీ అతని వేళ్లు పట్టుకుని సరిచేసేది. కావాలనే తప్పు చేస్తున్నాడని నాకు తెలుసు. రాజీకి ఇంకా ముందే తెలుసు.

దసరా వెళ్లాక అతని అమ్మానాన్నలు పిల్లను చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. నాకు భయం పట్టుకుంది. అంతకుముందు రెండు సంబంధాలు గుమ్మం దాకా వచ్చి, మిషన్ చూసి వెనక్కి పోయాయి. అప్పుడు ఏడ్చింది నేను, రాజీ కాదు. ఈ కుర్రాడి మీద అది మనసు పెట్టుకుంది. ఇదీ తప్పిపోతే ఈసారి అదే ఏడుస్తుంది. తేజ ఇంట్లో చెప్పాడో లేదో అడగాలని కూడా నాకు తోచలేదు. రాజీకి మిషన్ పెట్టించి, జుట్టు చెవుల మీదికి దువ్వి, పైన కనకాంబరాల దండ అడ్డం పెట్టి పిన్నులతో బిగించేశాను. ఎందుకు దాచడమని చేతులతో అడిగింది. ఈ ఒక్క పూటకేనని బతిమాలాను.

తేజను వెంటబెట్టుకుని ఇద్దరూ వచ్చారు. కూతురూ అల్లుడూ ఎదురెళ్లి కూర్చోబెట్టారు. తండ్రి చక్రధరరావుగారు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఏమన్నా నవ్వుతూ తల ఊపుతారు. తల్లి జయమ్మగారి కన్ను ఇల్లంతా తిరుగుతోంది. రాజీ లడ్డూల ప్లేటు తెచ్చిందో లేదో, కీమని సన్నటి ఈల.

జయమ్మగారు వంటింటి వైపు చూసి కుక్కరేమో అన్నారు. తేజ ఫోను తడుముకున్నాడు. ఈల ఆగదు. మిషన్ పెట్టుకున్నా అంత సన్నటి ఈల వినపడని మా పిల్ల నింపాదిగా లడ్డూలు అందిస్తోంది. మిషన్‌ని గట్టిగా కప్పేస్తే అలా కూస్తుందని డాక్టరు చెప్పింది నాకప్పుడు గుర్తొచ్చింది.

ముఖాలన్నీ తన వైపు తిరిగేసరికి రాజీకి అర్థమైంది. పిన్నులు లాగి, పూలు తీసి పక్కన పెట్టింది. మిషన్ తీసి ఆపేసి, అందరికీ కనపడేలా అరచేతిలో పట్టుకుంది.

"మావాడు ముందే చెప్పాడండీ. మీరెందుకు దాచారు?" అన్నారు జయమ్మగారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ అంతటితో ఆగలేదు. రోజంతా పెట్టుకునే ఉంటే తమ కాలనీలో ఎవరికీ తెలియదు కదా, ఇలా తీసి చూపించడం మాత్రం దేనికన్నారు.

తేజ ఆ మాటలు సైగలతో చెప్పగానే రాజీ చేతులు కదిలాయి. తేజ ఒక్కొక్క మాటా పైకి చెప్పాడు.

"కావాలనిపించినప్పుడు పెట్టుకుంటాను. తలనొప్పి వస్తే తీసేస్తాను. మీ ఇంట్లోనూ అంతే. అప్పుడు నాతో చేతులతో మాట్లాడాలి. కుదరదనుకుంటే ఇప్పుడే చెప్పండి. లడ్డూలు మాత్రం తిని వెళ్లండి."

ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు తేజ గొంతు బాగా తగ్గింది.

మీరేమంటారని జయమ్మగారు భర్తను అడిగారు. ఆయన నవ్వుతూ తల ఊపారు. ఊపడం కాదు, మాట చెప్పమన్నారు. మళ్లీ ఊపారు. రాజీ ఆయన్నే చూస్తూ చూస్తూ, లేచి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. తన చెవి చూపించింది, ఆయన చెవి చూపించింది, ఏమిటన్నట్టు చెయ్యి తిప్పింది.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఈసారి తల అడ్డంగా ఊపారు.

"మూడేళ్లయింది సరిగ్గా వినపడక. మిషన్ కొని బీరువాలో పెట్టాను" అన్నారు. "నీకు సిగ్గనిపించదా తల్లీ, అలా తీసి చూపించడానికి?"

తేజ సైగలు చూసి రాజీ ఆయన ముక్కు మీద కళ్లజోడు చూపించి నవ్వింది. ఆయన దాన్ని తడుముకుని తనూ నవ్వారు.

జయమ్మగారు మాత్రం నవ్వలేదు. మూడేళ్లుగా తన మాటంటే లెక్కలేదని ఆయనతో పోట్లాడుతున్నారట పాపం. "అయితే నేనన్నవి ఒక్కటీ వినలేదా?" అన్నారు. ఆయన అలవాటుగా తల ఊపబోయి, ఆపుకుని, ఏమన్నావని అడిగారు. దాంతో ఆవిడకు నవ్వూ కన్నీళ్లూ కలిసి వచ్చాయి. కొంగుతో తుడుచుకుని రాజీ పక్కన కూర్చున్నారు.

"ముందు నాకు నేర్పమను తేజా. ఇక మనింట్లో ఇద్దరితో మాట్లాడాలి నేను" అన్నారు.

తేజ ఇంకేం ఆగుతాడు? ఇన్నాళ్లూ అడగని పెళ్లి మాట అందరి ఎదుటే చేతులతో అడిగేశాడు. ఆ భాషలో గుసగుసలుండవు, గదిలో ఎంతమంది ఉంటే అంతమందికీ కనపడుతుంది. ఇరవై మూడేళ్లుగా ఆ సైగలు చూస్తున్నదాన్ని, నాకు తెలియకుండా ఎలా పోతుంది? ముసలిదాన్ని, సిగ్గేసి గోడకేసి తిరిగాను. తిరిగేలోపు మా పిల్ల ముఖం ఎరుపెక్కడం, సరేనని తల ఊపడం ఓరకంట చూసేశాను.

"ఏమన్నాడమ్మా మావాడు?" అని చక్రధరరావుగారు నన్ను అడిగారు.

నోటితో చెబితే ఆయనకు వినపడదు. మీరూ ఇటు తిరగండని చెయ్యి తిప్పి చూపించాను. ఆయన వెంటనే గోడకేసి తిరిగారు.