పంపు హౌస్ దగ్గర అమ్మ కొలువు

మా రైల్వే కాలనీలో ఆఖరి లైను క్వార్టర్లు దాటితే ఒక పాత పంపు హౌస్ ఉంది. బొగ్గింజన్ల కాలంలో ఇంజన్లకు నీళ్ళు తోడిన చోటు. ఇప్పుడు పంపూ లేదు, ఆ ఇంజన్లూ లేవు. సగం కప్పు కూలిన గది, ఇనపజాలీతో మూసిన బావి, దాని పక్కన పసుపు రాసిన ఒక రాయి మిగిలాయి.

ఆ రాయి మా నూకాలమ్మ. అనకాపల్లి వైపు నుంచి బిలాస్‌పూర్‌కి పనికొచ్చిన మా తాతల్లో ఎవరో అమ్మవారి గుడి దగ్గరి మట్టిని టిఫిన్ డబ్బాలో పెట్టుకొచ్చి, అక్కడ పోసి, దానిమీద ఈ రాయి పాతాడట. దేవతని కూడా డ్యూటీ డబ్బాలో తెచ్చుకున్న జనం మేము.

పగలు ఆవిడ చల్లని తల్లి. ఏడాదికి ఒక్క రాత్రి మాత్రం — ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్య రాత్రి — ఆ దారిన కుక్క కూడా పోదు.

ఆ రోజు పండగ సాయంత్రం మొదలవుతుంది. ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు వేపమండలు కట్టిన కుండల్లో పసుపునీళ్ళు తెచ్చి రాయి మీద పోస్తారు. రాత్రి తొమ్మిదికి డప్పు ఆగుతుంది. పంపు హౌస్ దగ్గరి వీధిదీపం ఆర్పేసి, వెనక్కి చూడకుండా అందరూ ఇళ్ళకి వచ్చేస్తారు. అప్పట్నించి తెల్లారేదాకా అక్కడ అమ్మ కొలువు తీరుతుందని మా పెద్దవాళ్ళ మాట.

రతన్‌పూర్ గుడి నుంచి మహామాయమ్మ వస్తుందట. ఆవిడ పెద్దక్క కాబట్టి ఎత్తు పీట ఆవిడదే. రైల్వేలో దేవుళ్ళకైనా సీనియారిటీ తప్పదు. పట్టాల అవతలి బస్తీ నుంచి అక్కడివాళ్ళ గ్రామదేవుడు ఠాకుర్‌దేవ్ వస్తాడట. పోతురాజు గుమ్మంలో నిలబడతాడట. వాళ్ళందరి ముందూ, ఆ ఏడాది కాలనీలో పోయినవాళ్ళు... తలమీద గుడ్డ కప్పుకుని, వరసగా కూర్చుంటారట — సెలవు తీసుకోడానికి. ఉగాది తెల్లారితే ఇక వాళ్ళు వెళ్ళిపోయినట్టే.

అక్కడికి పోకూడదు. పోయినా నోరు విప్పకూడదు. మాట్లాడితే జవాబొస్తుంది. ఎవరికి జవాబొస్తుందో... వాళ్ళు వచ్చే ఏడు ఆ వరసలో ఉంటారు.

నేను క్రూ లాబీలో పనిచేస్తాను. డ్రైవర్లు బండెక్కే ముందూ దిగాకా వచ్చి సంతకం పెట్టే ఆఫీసు అది. ముప్పై ఏళ్ళుగా ఈ దెయ్యాల కబుర్లు వింటూ నవ్వుతూనే ఉన్నాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం గూడ్సు డ్రైవరు తిరుమలరావు స్వయంగా నాకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నా నోటి సంగతి తెలిసీ నాకు చెప్పాడంటే, చెప్పమనే కదా అర్థం!

కిందటి జూలైలో ఆయన భార్య ప్రసూన పోయింది. పిల్లల్లేరు. ఇద్దరే మనుషులు.

ఆ రోజు ఆయన కట్నీ లైను నుంచి బొగ్గు బండి తెస్తున్నాడు. కర్గీ రోడ్ స్టేషన్లో లూపులో, అంటే పక్క లైన్లో, పెట్టారు. బయట వాన. ఎదురుగా ఎర్ర సిగ్నలు. మూడు గంటలు కదల్లేదు. ఇంజన్లో ఉన్నంతసేపూ డ్రైవరు ఫోను ఆపేసి ఉంచాలి, అది రూలు. బండి నిలబడి ఉన్నప్పుడు చాలామంది ఓసారి తెరిచి చూసుకుంటారు. తిరుమలరావు చూడడు. రూలంటే ఆయనకి గాయత్రీ మంత్రం.

రాత్రి లాబీకొచ్చి, సంతకం పెట్టి, ఫోను తెరిచాడు. వరసగా టింగు టింగుమని మెసేజ్‌లు. నేనే నవ్వాను... “ఏటండీ, ఇంట్లో అంత అర్జెంటా?” అని. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ప్రసూన నంబరు నుంచి పదకొండు మిస్డ్ కాల్స్.

ఇంటికెళ్ళేసరికి తాళం. పక్కింటివాళ్ళు హాస్పిటల్‌కి తీసుకెళ్ళారని ఎవరో చెప్పారు. అక్కడికెళ్తే, తెచ్చేసరికే ప్రాణం లేదన్నారు. తల్లో నరం చిట్లిందట.

ఆ పదకొండు కాల్స్ సంగతి తిరుమలరావు ఎవరికీ చెప్పలేదు. అసలు ఏదీ చెప్పలేదు. ఏడవలేదు. పదమూడో రోజు అవగానే డ్యూటీకొచ్చాడు. పెట్టింది తిన్నాడు, ఇచ్చిన బండి నడిపాడు. ఒకసారి డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములో వేడి గిన్నె వట్టి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను అరిస్తే కిందపెట్టి, “అచ్ఛా, కాలిందా?” అన్నాడు. బొబ్బలు చూసుకున్నాక కూడా ఆ మొహంలో ఏ మార్పూ లేదు.

లోపల మాత్రం ఒక్కటే ప్రశ్న ఉండేదట. పదకొండుసార్లు... ఏం చెప్పాలని చేసింది? నొప్పి అనా? భయమనా? రమ్మనా? తను ఊరికే కూర్చుని ఎర్రదీపం చూస్తున్న ఆ మూడు గంటల్లో, ఆవిడ నేలమీద పడి పదకొండుసార్లు పిలిచింది. తను పలకలేదు. ఎనిమిది నెలలు ఆయన అదే లెక్కలో బతికాడు.

ఈ మార్చిలో పండగొచ్చింది.

ఏడాదిలోపు చావు చూసిన ఇల్లు పండగలో కలవకూడదు. ఆ ఇంటి కుండ అమ్మ దగ్గరకి పోదు. ఆ ఇంటి ముందు డప్పు కూడా మోగదు. ఆయన లైన్లో ఈసారి అలాంటి ఇళ్ళు రెండు — ఆయనది ఒకటి, పక్కనే అచ్చియమ్మది. ఆవిడ భర్త రిటైరైన లోకో డ్రైవరు, మాఘమాసంలో పోయాడు. ఊరేగింపు ఆ రెండు గుమ్మాల ముందుకీ వచ్చేసరికి డప్పులు ఆగిపోయాయి. చెప్పుల చప్పుడే వినబడింది. మూడో ఇంటి దగ్గర మళ్ళీ మోగాయి.

తిరుమలరావు తలుపేసుకుని కూర్చుని అదంతా విన్నాడు. అప్పుడు తట్టిందట ఆయనకి.

ఈ రాత్రే కదా పోయినవాళ్ళు అమ్మ ముందు కూర్చునేది? రేపు ఉగాది. రేపటికి ప్రసూన ఉండదు. అడగాలంటే ఇవాళే అడగాలి.

వచ్చే ఏడు నేనూ ఆ వరసలో ఉంటానా... ఉంటే ఏం?

పదిన్నరకి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు.

వీధిదీపం లేదు. యార్డులో షంటింగు కూడా ఆ వేళప్పుడు ఆగింది. ఎక్కడినుంచో ఇప్పపూల వాసన... తియ్యగా, మత్తుగా. కాళ్ళకింద పసుపునీళ్ళ బురద. జారుతోంది. కాళ్ళకి చల్లగా తగలాలి. తగల్లేదు.

పంపు హౌస్ గోడ మలుపు తిరిగాడు.

ఉన్నారు.

రాయి చుట్టూ కుండలు. వాటి వెనక — గోడవారగా — ఏడెనిమిది ఆకారాలు. తలల మీదనుంచి గుడ్డలు దిగి, మొహాలు లేవు. కదలటం లేదు. ఒక్కటీ కదలటం లేదు. వాళ్ళ ముందు నేలమీద ఒక దీపం... దానికి సూటిగా పైన, గోడ గూట్లో ఇంకో దీపం. అంతే వెలుతురు.

“భయం వెయ్యాలి కదా అనుకున్నాను. కాసేపు ఆగి చూశాను. వెయ్యలేదు,” అన్నాడు తిరుమలరావు నాతో.

వరస మొత్తం చూశాడు. ఇందులో ప్రసూన ఏది? అందరూ ఒక్కలాగే ఉన్నారు. అడుగుదామని నోరు తెరిచాడు. ఎనిమిది నెలలు దాచుకున్న మాట... గొంతులోంచి రాలేదు. కళ్ళు మాత్రం ఆ రెండు దీపాల మీద పడ్డాయి. పైనొకటి, కిందొకటి. పసుపుపచ్చగా.

ముప్పై ఏళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే పైకి లేచింది.

“డబల్ ఎల్లో!”

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఒకదాని మీద ఒకటి రెండు పసుపు దీపాలుంటే ఆ సిగ్నలు పేరు డబల్ ఎల్లో. ఇంజన్లో ఇద్దరుంటారు. సిగ్నలు కనబడగానే ఒకరు దాని రంగు పైకి అనాలి, రెండోవాడు అదేమాట తిరిగి అనాలి. తిరుగుమాట రాకపోతే లెక్కలోకి రాదు. ఇది ఎంత వంటపట్టేస్తుందంటే, డ్రైవర్లు నిద్రలో కూడా సిగ్నళ్ళు కలవరిస్తారు. తిరుమలరావు కలవరిస్తే పక్కన ప్రసూన కళ్ళు తెరవకుండానే ఆ రంగు తిరిగి అనేదట. అంటేనే ఆయన సర్దుకుని పడుకునేవాడు. ఆవిడ పోయాక రోజూ రాత్రి అరుస్తూనే ఉన్నాడు. జవాబు లేదు.

పంపు హౌస్ దగ్గర జవాబొచ్చింది.

“డబల్ ఎల్లో...”

ఆడగొంతు. మెల్లగా, నిద్రలో పలికినట్టు.

ఆ పసుపు బురదలోనే కూర్చుండిపోయాడు. అప్పుడు వచ్చింది మాట.

“పదకొండుసార్లు... పదకొండుసార్లు ఎందుకు చేసేవే? ఏటి చెప్దామని? చెప్పు. నేను పలకనేదు. కర్గీ రోడ్‌లో ఊరికే కూకున్నాను. ఏటి చెప్దామనుకున్నావో... ఒక్కసారి చెప్పేసి ఎల్లిపో.”



వరసలో ఒక ఆకారం కదిలింది. గోడ పట్టుకుని నెమ్మదిగా లేచింది. ఒక్కో అడుగూ వేస్తూ... దీపం దాటి... కుండలు దాటి... వచ్చి, తడిచేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. ఇక తీసుకుపోతుంది అనుకున్నాడు. పోదాం అనుకున్నాడు.

“తిరుమలా,” అంది ఆకారం. “ఏ ఫోన్లు, బాబూ?”

తలమీది గుడ్డ వెనక్కి తోసుకుంది. పక్కింటి అచ్చియమ్మ.

ఆ వెనకే ఒక్కొక్క గుడ్డా తొలగింది. షెడ్డులో ఫిట్టరు, ఆయన తల్లి పోయింది కిందటి దసరాకి. గేటు దగ్గర టీ బడ్డీ నడిపే దంపతులు, కొడుకుని పోగొట్టుకున్నారు. అందరూ తెలిసిన మొహాలే. అందరివీ ఈ సాయంత్రం డప్పు మోగని ఇళ్ళే.

“మమ్మల్ని పండగలోకి రానివ్వరు గదా,” అంది అచ్చియమ్మ. “అమ్మ మాక్కూడా అమ్మే గదా బాబూ? అందుకే డప్పు ఆగేక వొస్తాం. తలమీద గుడ్డేసుకుని, ఎవుళికీ అగుపడకుండా. మా అత్త వొచ్చేది, ఆవిడ అత్తా వొచ్చేదట. దెయ్యాలనుకుంటే మాకూ మంచిదే, ఎవుళూ ఇటు రారు. నీకూ చెప్దామని రెండుసార్లు తలుపు కొట్టేను. నువ్వు తియ్యనేదు.”

“మరి... పలికింది?”

“నేనే. మా ఇంటాయనకీ ఇలాగే పలికేదాన్ని, నలభయ్యేళ్ళు. నువ్వలాగ అరిసేసరికి నోరు ఆగనేదు.” ఆవిడ ఆయన పక్కనే బురదలో చతికిలబడింది. “ఏ ఫోన్లు? ఏటి పదకొండు?”

చెప్పాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒక మనిషికి చెప్పాడు.

అచ్చియమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అయ్యో నా తండ్రీ... అవి నేను చేసినవి.”

ఆయనకి అర్థం కాలేదు.

“ఆ సాయంత్రం పెరుగు తోడుకని మీ ఇంటికొచ్చేను. తలుపు తీసుంది. పొయ్యి మీద పాలు మాడిపోయున్నాయి. ప్రసూన కింద పడుంది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టేను... ఏటీ నేదు. నా ఫోన్లో చార్జీ నేదు. దాని ఫోనే తీసి నీకు చేసేను. చేస్తానే ఉన్నాను, చేస్తానే ఉన్నాను... మనవడొచ్చి ఆటో పిలిచేదాకా. నీకు తెలుసనుకున్నాను, బాబూ. నువ్వు ఒక్కసారి కూడా అడగనేదు.”

దీపంలో వత్తి చిటపటమంది.

“అది నొప్పి పడనేదు,” అంది అచ్చియమ్మ, ఆయన వీపు రాస్తూ. “పిలవనూ నేదు. పిలిచే టయిమేదీ? నువ్వు పలకనేదని అది అనుకోనేదు, తిరుమలా. ఆ బాధ నీకొద్దు. ఒగ్గీ.”

తిరుమలరావు చిన్నపిల్లాడిలా ఆవిడ మొహంలోకి చూసి, ఒక్కమాట అడిగాడు.

“అయితే... నన్ను ఒక్కసారి కూడా పిలవనేదా, పిన్నీ?”

అచ్చియమ్మకి అబద్ధం చెప్పడం చేతకాదు. లేదని తల అడ్డంగా ఊపింది.

అప్పుడు ఏడ్చాడు. మనిషి ఏడుపులా లేదది. మూడు లైన్లు దాటి మా క్వార్టరు దాకా వినబడింది. మంచం మీద లేచి కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు దెయ్యాలంటే నవ్విన నేను, ఆ అరుపు పంపు హౌస్ వైపు నుంచి వస్తోందని తెలియగానే, లేచి వెళ్ళి తలుపు గడియ వేసుకున్నాను.