గొడుగుల మీద సుంకం

రెండు దేశాల మధ్య ఏడు సముద్రాలున్నాయి గానీ, ఒప్పందానికి అడ్డుపడింది మాత్రం గొడుగు. నాలుగు వందల సరుకుల మీద సుంకం తేలిపోయింది. గొడుగుల దగ్గరే రెండేళ్లుగా పీటముడి. వాళ్ల గొడుగుల మీద ఇరవై శాతం వేసి తీరతామని ఇటువైపు కుర్ర అధికారి. పైసా వేయడానికి వీల్లేదని అటువైపు అమ్మాయి. వాళ్ల అమ్మమ్మ ఇక్కడి మనిషే కావడంతో ఆమె పోట్లాట కూడా మన భాషలోనే సాగేది. ఆఫీసులో అతనికి ఇరవై అనీ, ఆమెకు సున్నా అనీ పేర్లు పడిపోయాయి.

మూడు నెలలకొక విడత చర్చలు. ఆమె విమానం దిగే రోజుకి ఇరవై కొత్త చొక్కా కొనేవాడు. బల్లకి అటూ ఇటూ కూర్చుని ఇద్దరూ ఉప్పూ నిప్పూలా వాదించుకునేవారు. సాయంత్రం వాన పడితే ఒకే గొడుగు కింద ఆమెను హోటల్ దాకా దింపేవాడు, దారంతా సుంకం గురించే మాట్లాడుతూ. అసలు మాటకి నోరు పెగిలేది కాదు పాపం. ఈ గొడవ తెగితే ఆమె మళ్లీ రాదు. అదొక్కటే అతని భయం.

ఆ ఉదయం పెద్దాఫీసరు అతన్ని పిలిచి, మధ్యాహ్నంలోగా సంతకాలు అయిపోవాలి, వాళ్లెలాగూ మెట్టు దిగరు, సున్నాకే ఒప్పేసుకో అన్నారు. వెళ్లి, తల దించుకుని ఒప్పేసుకున్నాడు.

అటువైపు నాయకుడు, ఆమెకు స్వయానా బాబాయి, సంబరపడిపోయాడు. ఆమె ముఖం మాత్రం మాడిపోయింది. పది నిమిషాలు విరామం కావాలని లేచి వరండాలోకి వెళ్లింది. ఇరవై వెనకే పరిగెత్తాడు.

"ఇంత తేలిగ్గా ఒప్పేసుకుంటారా?" అంది, కళ్లనిండా నీళ్లతో.

"రెండేళ్లుగా మీరు అడిగింది అదేగా?"

"మీరు చచ్చినా ఒప్పుకోరనే కదండీ అడిగింది. పదికి తెంచుకు రమ్మని బాబాయి మొదటిరోజే చెప్పాడు."

ఇరవై ఉన్నమాట కక్కేశాడు. "మావాళ్లూ పది చాలన్నారు. నేనే ఇరవై మీద భీష్మించుకు కూర్చున్నాను. గొడవ తీరితే మీరిక రారని. మీరంటే నాకు ప్రాణమండీ."

ఆమె కళ్లు తుడుచుకుని, లోపలికి వెళ్లి, గొడుగుల మీద పది శాతం వేసుకోండి, బదులుగా ఈయన్ని మాకిచ్చేయండి అని తేల్చి చెప్పింది.

బాబాయి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. ఎన్ని బేరాలు చూసిన మనిషి, ఆమాత్రం అర్థం కాదూ. అన్నయ్యకు తాను చెప్పుకుంటానంటూ కలం తీశాడు.

సంతకాలకొచ్చిన పెద్దాఫీసరు మాత్రం రూలు వదల్లేదు. ఆర్నెల్ల నోటీసిచ్చి ఎవరైనా తప్పుకోవచ్చనే షరతు ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది, దీన్లోనూ రాయాలా అని అడిగారు.

"గొడుగులకి రాసుకోండి," అంది సున్నా. "ఈయనకి మాత్రం వద్దు."