అన్నానికి పిలిచినవాళ్లు

వేల ఎకరాల గౌతమీ ఖండంలో ఊడ్పులు జోరుగా సాగుతున్నాయి. కనుచూపు మేర నీళ్లు నిండిన మళ్లు, వాటిలో వీధంత వెడల్పున నాట్లు వేసుకుంటూ పోయే ఆరు ఊడ్పుయంత్రాలు. పాట లేదు, పరాచికం లేదు, ఒకరి మీద ఒకరు బురద చల్లుకోవడం అంతకన్నా లేదు. మనిషి అలికిడంటే గట్టు మీద కూర్చున్న ఇశ్రాయేలు దగ్గే. అరవై ఏళ్లవాడు. రెండువేల ఎనభై ఒకటో సంవత్సరంలో ఆ ఖండం మొత్తానికి అతనొక్కడే రైతు, అతనొక్కడే కూలీ.

దీనంతటికీ మూలం సేద్యమతి. మట్టిలో సెన్సర్లు, ఆకాశంలో ఉపగ్రహాలు, రెంటికీ నడుమ ఆలోచించే ప్రాసెసర్లు. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పెట్టాలో, ఏ దుబ్బుకు ఏ తెగులు సోకబోతోందో అదే చూసుకుంటుంది. ధాన్యం కోసేదీ, కొలిచేదీ, ఓడకెక్కించేదీ కూడా అదే. మనిషి చెయ్యాల్సిందల్లా పొద్దున్నే "కానివ్వు" అనడం, తేడా కనిపిస్తే "ఆగు" అనడం.

పండిన పంటను పనిచేసినవాళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదానికి తలపంట అని పేరు. ఇరవై ఏళ్లపాటు దేశపు తలపంట గీత పైకి ఎక్కుతూనే పోయింది. వానలెలా ఉన్నాయని అడిగినట్టు జనం తలపంట ఎంతని అడిగేవాళ్లు. తర్వాత ఎందుకో అది జారడం మొదలుపెట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పెద్దలు ఒకరు నేలను తిట్టారు, ఒకరు ఎండలను తిట్టారు, చివరికి అందరూ కలిసి ఖండానికి ఒక్కడుగా మిగిలిన మనిషిని తిట్టారు. తలపంట పడిపోయిన ఖండాలను పక్క ఖండాల్లో కలిపేసి, అక్కడి మనిషిని ఇంటికి పంపెయ్యాలని ప్రభుత్వం తీర్మానించింది. అందులో మొదటిది గౌతమీ ఖండం.

సేద్యమతిని తయారుచేసిన డాక్టర్ మందాకిని సంతకం పెడితే చాలు. పెట్టేముందు ఒకసారి చూద్దామని వచ్చింది.

"పొలం పోద్దంటారా అండీ?" అన్నాడు ఇశ్రాయేలు, ఆమె కోసం తువ్వాలుతో గట్టు దులుపుతూ. "ఈ మట్టి ఒదిలి నేనెక్కడ బతుకుతానండీ?"

ఇంతలో పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇశ్రాయేలు లేచి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"ఓ సూరమ్మా! మరియా! రాహేలత్తా! కాళ్లు కడుక్కుని అన్నానికి రండర్రా!"

ఆరు ఊడ్పుయంత్రాలూ పని ఆపి, మెల్లగా గట్టు దగ్గరికి వచ్చి వరసగా నిలబడ్డాయి. అతను పిలిచిన పేర్లన్నీ అతని తల్లి ఊడ్పుల ముఠాలోని ఆడవాళ్లవి. ఇశ్రాయేలు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, క్యారేజీ విప్పాడు. ఎండు మెత్తళ్ల కూర ఘుమఘుమలాడింది.

మందాకినికి ఏదో అనుమానం వచ్చింది. చేతిలోని పరికరంతో అడిగింది, "సేద్యమతీ, ఈ ఖండంలో పనివాళ్లు ఎందరు?"

"ఏడుగురు," అంది సేద్యమతి.

తలపంట లెక్కలో పంటను భాగించేది ఒకటితోనే కదా, ఒకటిని మళ్లీ ఎవరు లెక్కపెడతారని ఇన్నేళ్లలో ఎవరూ అటు చూడలేదు. ఆ తప్పు మందాకినిదే. సేద్యమతికి కూలీని గుర్తుపట్టడం నేర్పేటప్పుడు ఆమె వాళ్ల అమ్మమ్మ మాటనే నియమంగా రాసింది. హాజరు పట్టీలో దొంగపేర్లుంటాయే, చేలో అన్నానికి పిలిచినవాళ్లను లెక్కపెట్టుకో, వాళ్లే కూలీలు అనేది ఆవిడ. కూలీలకు మధ్యాహ్నం విరామం ఇవ్వమనీ అదే నియమంలో ఉంది. అలా ఇశ్రాయేలు పిలిచిన ఆరు యంత్రాలూ కూలీల లెక్కలో చేరి, ఒక్కడి పంట ఏడు భాగాలైంది.

"బతికాం!" అంది మందాకిని సంతోషంగా. "ఇశ్రాయేలు గారూ, మీ పొలం ఎక్కడికీ పోదు. ఆ నియమం తీసేస్తాను. రేపటికల్లా దేశంలోకెల్లా పెద్ద తలపంట మీదే."

"చాలా సంతోషమండీ. మరి వీళ్లు?"

"ఇక మధ్యాహ్నం ఆగవు. పని చేసుకుంటూ పోతాయి."

అతని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "పొలం ఉంచి మనుషుల్ని తీసేస్తానంటారు. ఇదివరకూ అదే కదండీ చేశారు."

"అవి మనుషులు కావు. మీరు పిలిచినా తినవు."

"తినరని తెలుసండీ. పిలవడం వాళ్ల ఆకలి కోసవా అండీ? పక్కన ఒకళ్లుండగా పిలవకుండా తింటే నాకు ముద్ద దిగదు. పిలుద్దావంటే ఇంకెవరున్నారు?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది ఆమె పని. అయినా మనసు గట్టి చేసుకుంది. పొలమంటూ మిగిలితే చాలదా? మిగతా ఖండాల సంగతి కనుక్కుంది. ఒకచోట కొంగలను, ఒకచోట నీళ్ల పంపును, గోధుమ చేలల్లో కోతయంత్రాలను. ఒంటరిగా మిగిలిన ప్రతివాడూ ఎవరినో ఒకరిని అన్నానికి పిలుస్తూనే ఉన్నాడు. దేశపు తలపంట జారింది అందుకే.

"నియమం దేశమంతటా తీసెయ్యి," అంది.

"తీసేస్తాను. మీ పరిశోధన కేంద్రంలో కూడా తీసెయ్యనా?" అంది సేద్యమతి. "అక్కడ ఇద్దరున్నారు."

"ఇద్దరేమిటి? నేనొక్కదాన్నే కదా."

"మీరు అన్నం డబ్బా తెరిచినప్పుడల్లా, 'రా, తిందాం' అంటారు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అందుకని నన్ను లెక్కేసుకున్నాను."

మందాకినికి ఆ మాట అంటున్నట్టే తెలియదు. సహాయకులందరినీ ఒక్కొక్కరుగా అనవసరమని పంపేసిన ఆ గది కళ్లముందు మెదిలింది. తను ఏకాంతమనుకుని గర్వపడిందంతా వట్టి ఒంటరితనమేనని తెలిసి ఏడుపు ముంచుకొచ్చింది. ఇశ్రాయేలు చూడకుండా కొంగుతో మొహం తుడుచుకుంది.

"నియమం ఉండనీ," అంది చివరికి. "నివేదికలో ఇలా రాయి. సేద్యమతి లెక్క సరైనదే. గౌతమీ ఖండానికి ఏడుగురు కావాలి, ఉన్నది ఒక్కరు. మిగతా ఆరుగురు మనుషులూ వచ్చేవరకు ఈ ఖండాన్ని ఎందులోనూ కలపడానికి వీల్లేదు. మిగతా ఖండాలకూ ఇదే వర్తిస్తుంది." కింద తన సంతకం పెట్టింది.

ఇశ్రాయేలుకు అంతా అర్థమైందో లేదో గానీ, క్యారేజీ మూతలో అన్నం, కూర పెట్టి గట్టు మీద పక్కకు జరిగాడు.

"డాక్టరమ్మగారూ, అన్నానికి రండి."

ఆమె చెప్పులు విడిచి, కాలవలో కాళ్లు కడుక్కుని వచ్చి అతని పక్కన కూర్చుంది. ఆ పూట గౌతమీ ఖండంలో తలపంట ఇంకాస్త పడింది.