అంచు చెప్పని బోలు

వెన్నెలపేటలో గోడను కొట్టి చూసేవాళ్ళు ఇప్పుడు లేరు. చంద్రుడి మీద ఇళ్ళు లేచి ఒక తరం గడిచింది. అంచుగణిని అనే యంత్రం సరేనంటే గదిలో గాలి నింపొచ్చని అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు.

పూర్వం గోడ మొత్తాన్ని కంప్యూటర్లో వేల ముక్కలుగా కోసి లెక్క కట్టేవారు. అంచుగణినికి పైతొక్క చాలు. కెమెరాలతో ఉపరితలాన్ని కొలిచి, సమాకలన సమీకరణాలు సాధించి, గాలి ఒత్తిడికి లోపల ఎక్కడ ఎంత బిగువు పుడుతుందో ముందే చెప్పేస్తుంది. ఒక్కటే మెలిక. గోడ లోపల బోలు, అంటే ఖాళీ, ఉంటే దానికీ ఒక అంచు ఉంటుంది. ఆ సంగతి మనిషే చెప్పాలి. చెప్పకపోతే లెక్కలో ఆ బోలు లేనట్టే. అందుకే యంత్రం ప్రతిసారీ అడుగుతుంది.

“లోపల బోలు ఉందా?”

కొత్త గోడ దగ్గర ఆ ప్రశ్న వినగానే ఇంజనీరు మణెమ్మ మేస్త్రీ వైపు తిరిగింది. పాలమూరు మేస్త్రీల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ఈ గోడ పోసిన కురుమూర్తి ఆమె తమ్ముడే.

“ఏంరా, బోలేమన్న పడ్డదా?”

“లేదక్కా. నా గోడతోని నీకు మాట రానిస్తనా?”

“పెద్ద మాటలు బంద్ చెయ్యి. తిన్నవా?”

“నువ్వు తింటె నేను తిన్నట్టే.”

మణెమ్మ నవ్వి, లేదని నమోదు చేసింది. యంత్రం సరేనంది. గాలి నింపేటప్పుడు లోపల నిలబడి అతుకులు చూడటం మేస్త్రీ వంతు. కురుమూర్తి లోపలికి వెళ్ళాడు. ఒత్తిడి సగానికి రాకముందే గోడ నడుము దగ్గర బయటికి పగిలి, పైభాగం కూలి అతని ప్రాణం తీసింది.

అతని జోడీ మేస్త్రీ బుడ్డన్న శిథిలాల ముందు తల వంచుకుని చెప్పాడు.

“పోసే గొట్టం మూసుకపోయి గుమ్మడికాయంత బోలు పడ్డది మేడం. పలగ్గొట్టి మళ్ళ పోద్దామన్న. ‘తమ్ముడి గోడ తప్పయిందంటె పదిమందిల అక్క తల వంచాలె, గింతదానికి ఏమైతది’ అని పైన పూత పెట్టిండు.”



గోడ మళ్ళీ పోశారు. యంత్రం మళ్ళీ అడిగింది. మణెమ్మ అలవాటుగా తమ్ముడు నిలబడే వైపు తిరిగింది.

“లేదు మేడం. నా కండ్లతోని చూసిన” అన్నాడు బుడ్డన్న అటునుంచి.

యంత్రం సరేనంది. బుడ్డన్న మాత్రం కదల్లేదు.

“ఏమన్న తిన్నరా మేడం?”

“తిన్న.”

“లోపల ఏం పెట్టుకోకుండ్రి.”

“ఏం లేదు బుడ్డన్నా. పని చూడు.”

తమ్ముడు పోయిననాటి నుంచి ఆమె మెతుకు ముట్టలేదు. ముఖం మాత్రం కొత్తగా పూత పెట్టిన గోడలా నున్నగా ఉంది. బుడ్డన్న ఆ ముఖం చూసి సరేనన్నాడు.