పూలంచు లేని కాగితం

"మల్ల వాపసేనా?" చేతిలోని బీడీల చేట కింద పెడుతూ అడిగింది అత్త భీమవ్వ.

కోడలు గోదావరి తెర మీది జవాబును మూసేసింది. బోధన్ రోడ్డులో ముందు పెళ్ళిపత్రికల దుకాణం, వెనుక ఇల్లు. దుకాణంలోని కంప్యూటర్ నుంచే ఆమె ఉద్యోగాలకు దరఖాస్తులు పంపుతోంది. పంపిన నిమిషంలోనే 'ఎంపిక కాలేదు' అని జవాబు! మనిషి చదవడానికైనా నిమిషం చాలదే...

"డిగ్రీ కోడలని వాడంత చెప్పుకుంటి. ఆ డబ్బా గూడ నిన్ను వద్దంటున్నది గదనే!"

"బయోడేటా నేనెంత సోకుగ చేసిచ్చిన!" భర్త నర్సింలు విసుక్కున్నాడు. "ఇయ్యాల ఆ కోల్డ్ స్టోరేజీ కొలువుకు ఆఖరి తారీఖు గద? గిది గూడ పోతే ఇగ బంద్. దుకాణంల పని చూస్కో!"

గోదావరికి ఈ గడప దాటే దారి అదొక్కటే! నిజంగానే ఎంతో సోకుగా చేశాడతను. పైన లింబాద్రి నర్సింహస్వామి బొమ్మ, చుట్టూ గులాబీ అంచు, అచ్చం పెళ్ళిపత్రిక! వృత్తి అన్నచోట 'గృహిణి'.

ఆ కాగితాన్ని మళ్ళీ కంపెనీ వెబ్‌సైట్‌లోకి ఎక్కించింది. పేరు, చదువు, అనుభవం వాటంతటవే దరఖాస్తు గడుల్లోకి రావాలి. ఎప్పటిలాగే అన్నీ ఖాళీ. ఈసారి ఆ ఖాళీ గడులనే చూస్తూ కూర్చుంది... అప్పుడు తట్టింది. పూలు చెదరకూడదని అతను కాగితం మొత్తాన్నీ ఫొటోగా మార్చేస్తున్నాడు! ఫొటోలోని అక్షరాలు ఆ యంత్రం చదవలేదు. దానికి గోదావరి అనే మనిషే లేదు!

కొత్త పేజీ తెరిచింది.

"ఏయ్! దేవుణ్ణి తీసేస్తున్నవా?" అరిచాడు నర్సింలు.

"దేవుడు నా గుండెల ఉన్నడు. కొలువు అడిగేది నేను."

ప్రకటనలో వాళ్ళు అడిగిన పనుల్లో తను చేసినవన్నీ అవే మాటల్లో రాసింది. లెక్కలు, బిల్లులు, టైపింగు. ఎక్కడ చేశారు? ఈ దుకాణంలో, ఆరేళ్ళు. యజమాని? నర్సింలు.

"ఇంట్ల పని గూడ కొలువంటరా? నలుగురు నవ్వుతరు!" అన్నాడతను.

"నవ్వనీ! చేసింది అబద్ధమా?" మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి, అయినా చెయ్యి ఆగలేదు.

ఈసారి గడులు టపటపా నిండాయి... అన్నిటికన్నా పైన 'గోదావరి'!

వారం తిరగకముందే దుకాణానికి ఫోను వచ్చింది. నర్సింలు ఎత్తాడు. ఎదురుగా పత్రికలకొచ్చిన పెళ్ళివాళ్ళు.

"కోల్డ్ స్టోరేజీ నుంచండీ. గోదావరి గారు మీ దగ్గర పనిచేశారా?"

అతను భార్యవైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు.

"చె... చేసింది సార్. ఆరేండ్లు. లెక్కలన్నీ ఆమెనే చూస్తది."

"జీతం ఎంత ఇచ్చేవారు?"

"జీతమా..." అంటూ అతను పెళ్ళివాళ్ళ వైపు చూశాడు. భీమవ్వ బీడీ చుట్టడం ఆపింది.

"చెప్పు కొడుకా," అంది నెమ్మదిగా. "అడుగుతున్నరు గద!"

"ఇయ్యలేదు సార్..." అన్నాడతను. "ఒక్క రూపాయి గూడ ఇయ్యలె. మీరన్నా ఇయ్యుండ్రి."