పెద్దకలువ కింద ఆడమనిషి

కరీంనగర్ దాటి మానేరు వైపు పోయే బాట పక్కన సర్కారు మొక్కల తోట ఒకటి ఉండేది. పగలు ఎంతమంది వచ్చినా, దీపాలు పెట్టే వేళకు అక్కడ మనిషన్నవాడు మిగిలేవాడు కాదు. కారణం, నడుమనున్న పెద్దకలువల కొలను.

ఎక్కడో సముద్రాల అవతలి నుంచి తెచ్చిన కలువలవి. ఒక్కో ఆకు మీద పసిపిల్లను పడుకోబెట్టవచ్చు. అంచులు జల్లెడలా పైకి లేచి ఉండేవి. చీకటి పడుతుండగా పువ్వు తెల్లగా విచ్చుకునేది… మర్నాటి సాయంత్రానికి ఎర్రబడేది. నీళ్ళలో ఒక ఆడమనిషి ఉందని, తల కిందికి, కాళ్ళు పైకి పెట్టి నిలబడుతుందని, పువ్వుకు అంటేది ఆమె తాగి మిగిల్చిన నెత్తురేనని జనం చెప్పుకునేవారు. చూశామన్నవాళ్ళూ ఉన్నారు.

1961లో, వానలు వెనకపట్టాక, హుజూరాబాద్‌లో ఫొటో స్టూడియో నడిపే పర్శరాములు ఆ తోటకు వచ్చాడు. తోట పెద్దమాలి లక్ష్మీరాజం కూతురు బాలలక్ష్మితో అతనికి సంబంధం మాట్లాడుతున్నారు. పిల్లను ఇంకా చూపించలేదు. లక్ష్మీరాజం ఒక మెలిక పెట్టాడు.

"పువ్వు తెల్లగున్నప్పుడే ఫొటో పట్టాలె పిలగా. గా దెయ్యానికి జడిసి ఉరికేటోనికి నా బిడ్డనియ్య."

"దెయ్యం లేదు గియ్యం లేదు మామా."

"ఇంకా మామను గాలే."

పొద్దు గూకింది. లక్ష్మీరాజం గేటు దగ్గరే ఆగిపోయాడు. పర్శరాములు ఒడ్డున బురదలో స్టాండు నిలిపి, నల్లగుడ్డ కప్పుకుని, కెమెరా వెనక అద్దంలోకి చూశాడు. ఆ అద్దంలో లోకమంతా తలకిందులు. ఆకులు తలకిందులు, పువ్వు తలకిందులు. అది అతనికి ఏళ్ళ అలవాటు.

పువ్వు విచ్చుకుంటోంది… పాలనురగలా. గాలిలో అనాసపండు వాసన. పర్శరాములుకు అప్పుడే పెండ్లి బాజాలు వినిపించాయి.

అంతలో, రెండు ఆకుల సందున — ఒక ఆడమనిషి. చేతిలో వెలుగుతున్న కందిలి లాంతరు. నిటారుగా నిలబడి ఉంది.

ఇంకొకరైతే ఎవరో వచ్చారులే అనుకునేవారు. ఫొటోలు తీసేవాడు కాబట్టే పర్శరాములు గుండె జారింది. అన్నీ తలకిందులయ్యే అద్దంలో ఆమె ఒక్కతే నిటారుగా ఉందంటే…

కొలనులో తలకిందులుగా ఉంది!

గుడ్డ తొలగించి చూశాడు. ఎదుటి ఒడ్డున చీకటి. ఎవరూ లేరు.

మళ్ళీ గుడ్డలో దూరాడు. ఉంది — ఈసారి నవ్వుతోంది.

"ఓ కొండగట్టు అంజన్నా…" అని గొణుగుతూ, తల బయట పెట్టకుండానే తడిమి తడిమి ఫొటో ప్లేటు దూర్చి, కళ్ళు మూసుకుని ఫ్లాష్ నొక్కాడు. కొలనంతా ఒక్క క్షణం పట్టపగలయింది. కిసుక్కున నవ్వు… ఉరికే అడుగులు… తర్వాత కప్పల అరుపులే.

మర్నాడు పర్శరాములు ఫొటో పట్టుకుని లక్ష్మీరాజం ఇంటికి వచ్చాడు. తెల్లటి పువ్వును చూసి ఆయన మురిసిపోయాడు. తర్వాత పక్కకు చూసి, ఫొటోను తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు.

"గీ కందిలి మాదే గదా!" గొంతు తగ్గించి అన్నాడు, "మనిషి గూడ మా మనిషే…"

కెమెరాకు ఎదుటి ఒడ్డు అందలేదు; అక్కడ నిలబడ్డ మనిషి నీడ మాత్రం నీళ్ళలో తలకిందులుగా పడింది. అద్దం ఆ నీడను మళ్ళీ తిప్పి నిలబెట్టింది. అతను గుడ్డ తొలగించినప్పుడు ఆమె కందిలితో సహా చెట్టు చాటుకు తప్పుకుంది.

"నన్ను చూడనీకి వాళ్ళు వస్తరు. నేను చూడొద్దా బాపూ?" లోపలి నుంచి బాలలక్ష్మి గొంతు. "ఫికర్ జెయ్యకు. మనిషి గట్టోడే. జర గూడ కదలలే."

పర్శరాములు మీసం సవరించుకున్నాడు. ఎడమకాలు మోకాలి దాకా బురదలో కూరుకుపోయిందని, ఎంత గుంజినా రాలేదని, పెండ్లయి ఇన్నేళ్ళయినా ఆయన ఇంట్లో చెప్పలేదు.